ఛాతీ మాట విన్న డాక్టర్

దగ్గు, ఆయాసం, నెమ్ము, క్షయ... వీటిని బయటి నుంచే గుర్తుపట్టడం వైద్యులకు నేర్పినవాడు రెనే లెనెక్. డాక్టర్ కావాలనుకునే ప్రతి విద్యార్థీ ఒక్కసారైనా తెలుసుకోవాల్సిన జీవితం ఇది.

నాలుగు రోజులుగా దగ్గు తగ్గడం లేదని మీరు డాక్టర్ దగ్గరికి వెళ్లారనుకోండి. రెండు ప్రశ్నలు అడిగి, మెడలో ఉన్న స్టెతస్కోప్ తీసి మీ వీపు మీద పెడతారు. గట్టిగా ఊపిరి పీల్చి వదలమంటారు. ఇంకోచోట పెడతారు. మళ్లీ పీల్చమంటారు. నిమిషంలో అయిపోతుంది. మందుల చీటీ తీసుకుని మీరు ఇంటికి వచ్చేస్తారు.

ఆ నిమిషంలో ఆయనకు ఏం వినపడిందో ఎప్పుడైనా ఆలోచించారా? ఈ చప్పుడైతే మామూలు జలుబు, ఈ చప్పుడైతే న్యుమోనియా అని తేల్చింది ఎవరు? ఆ మనిషి బతికింది 45 ఏళ్లే. జీవితమంతా ఏ జబ్బు గురించి ఎక్కువగా చదివాడో, చివరికి ఆ జబ్బే ఆయన్ని తీసుకుపోయింది. ఆ సంగతి ఆయనకు తెలిసింది కూడా తాను తయారుచేసిన గొట్టం ద్వారానే.

తల్లి లేని పిల్లాడు

రెనే లెనెక్ 1781 ఫిబ్రవరి 17న ఫ్రాన్స్ పడమటి తీరంలోని బ్రిటనీ ప్రాంతంలో, కెంపేర్ అనే ఊళ్లో పుట్టాడు. ఐదేళ్ల వయసులో తల్లి చనిపోయింది. క్షయతోనే పోయి ఉంటుందని చరిత్ర రాసినవాళ్లు భావిస్తారు. తండ్రి న్యాయవాది. కవిత్వం రాసేవాడు, మాటకారి. అయితే చేతిలో డబ్బు నిలిచేది కాదు, పిల్లల బాధ్యత తలకెత్తుకునే రకమూ కాదు. దాంతో రెనేని, తమ్ముణ్ని బంధువుల ఇళ్లకు పంపేశాడు.

ఏడేళ్లప్పుడు రెనే నాంత్ నగరంలో ఉన్న బాబాయి గియోమ్ ఇంటికి చేరాడు. ఆ పిల్లాడి అదృష్టం అక్కడే మొదలైంది. బాబాయి పేరున్న డాక్టర్, ఆ ఊరి వైద్య విద్యకు పెద్ద దిక్కు. సొంత పిల్లల్లాగే వీళ్లనూ చూసుకున్నాడు. ఏడాది తిరగకుండానే 1789లో ఫ్రెంచి విప్లవం వచ్చింది. 1793 నాటికి నాంత్‌లో పరిస్థితి భయంకరంగా మారింది. వాళ్లుంటున్న ఇంటికి దగ్గర్లోని కూడలిలోనే గిలటిన్ పెట్టి తలలు నరికేవారు. పన్నెండేళ్ల కుర్రాడు ఆ రోజుల మధ్యే స్కూలుకెళ్లాడు, ఇంగ్లిష్, జర్మన్ నేర్చుకున్నాడు, ఫ్లూట్ వాయించడం పట్టుకున్నాడు. ఈ ఫ్లూట్ సంగతి గుర్తుపెట్టుకోండి. శబ్దంలో చిన్న తేడాను పసిగట్టే చెవి తర్వాత ఆయన బతుకుతెరువైంది.

నాన్న వద్దన్న చదువు

పద్నాలుగేళ్లకే, 1795లో, బాబాయి పనిచేసే ఆసుపత్రిలో రెనే వైద్యం నేర్చుకోవడం మొదలుపెట్టాడు. కట్లు కట్టడం, గాయాలు శుభ్రం చేయడం, పెద్ద డాక్టర్ల వెంట వార్డుల్లో తిరగడం. బాగా నచ్చింది. తండ్రికి మాత్రం నచ్చలేదు. డాక్టర్ చదువు వద్దన్నాడు, డబ్బు పంపలేదు. ఇప్పుడు మన ఇళ్లలో డాక్టరే కావాలని పిల్లల మీద ఒత్తిడి పెడుతుంటారు కదా, అక్కడ సీన్ రివర్స్ అన్నమాట. కొంతకాలం ఆ కుర్రాడు చదువు పక్కన పెట్టేశాడు కూడా. ఊళ్ల వెంట నడిచాడు, ఫ్లూట్ వాయించాడు, గ్రీకు నేర్చుకున్నాడు, కవితలు రాశాడు.

ఆ ఖాళీ కాలం వృథా పోయిందని మీకు అనిపించవచ్చు. నిజానికి పోలేదు. వైద్యగ్రంథాలను మూలభాషలో చదవడానికి గ్రీకు పనికొచ్చింది. తన పరికరానికి పేరు పెట్టుకోవడానికీ ఆ గ్రీకే సాయపడింది. 1799లో సైన్యంలో చిన్న స్థాయి సర్జన్‌గా కొన్నాళ్లు పనిచేశాక, మళ్లీ పట్టుదలగా చదువులోకి వచ్చాడు. బాబాయి వెనక నిలబడ్డాడు. 1801లో ఇరవై ఏళ్ల రెనే ప్యారిస్ చేరాడు.

చేతిలో డబ్బు లేదు, ఒంట్లో బలం అంతంతమాత్రం. పొట్టిగా, బక్కపలచగా ఉండేవాడు. తరచూ ఆయాసం, దగ్గు, జ్వరం. అయినా రెండేళ్లు తిరిగేసరికి, 1803లో, వైద్యం, శస్త్రచికిత్స రెండింటిలోనూ మొదటి బహుమతి ఆయనకే వచ్చింది. 1804లో డాక్టర్ పట్టా చేతికొచ్చింది.

కుండ కొట్టి చూసినట్టు

ప్యారిస్‌లో ఆయన గురువు కోర్విసార్. నెపోలియన్ చక్రవర్తికి వైద్యుడు. ఆ రోజుల్లో ఛాతీ లోపల ఏముందో తెలుసుకోవడం ఎంత కష్టమో ఊహించండి. ఎక్స్‌రే రావడానికి ఇంకా 90 ఏళ్లకు పైగా పడుతుంది. రోగి చెప్పింది వినడం, నాడి పట్టుకోవడం, నాలుక చూడటం. అంతే.

మనం కుండ కొనేటప్పుడు వేళ్లతో కొట్టి చూస్తాం. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే పగులు ఉన్నట్టు. ఆస్ట్రియాలో అవెన్‌బ్రుగ్గర్ అనే డాక్టర్ ఇదే పని మనుషుల ఛాతీతో చేశాడు. గాలి ఉన్నచోట ఒక శబ్దం, నీరు చేరినచోట మందమైన శబ్దం వస్తాయని 1761లోనే రాశాడు. ఆయన తండ్రి సత్రం నడిపేవాడు. పీపాలను తట్టి లోపల సారా ఎంతుందో చెప్పడం ఆ ఇంట్లో మామూలే. ఆ చిన్న పుస్తకాన్ని దాదాపు అందరూ మర్చిపోయారు. 1808లో దాన్ని ఫ్రెంచిలోకి తెచ్చి, విద్యార్థులకు నేర్పింది కోర్విసార్. శరీరం చేసే శబ్దాన్ని పట్టించుకోవాలన్న పాఠం లెనెక్‌కు అక్కడ దొరికింది.

రెండో పాఠం పోస్ట్‌మార్టం బల్ల దగ్గర దొరికింది. రోగి బతికున్నప్పుడు కనిపించిన లక్షణాలు రాసి పెట్టుకోవడం, చనిపోయాక అవయవాలు తెరిచి, ఆ లక్షణాలకు కారణం ఎక్కడుందో వెతకడం. అప్పట్లో ప్యారిస్ వైద్యం ముందుకెళ్లింది ఈ పద్ధతితోనే. లెనెక్, ఆయన స్నేహితుడు బేల్ ఇద్దరూ ఈ పనిలో మునిగిపోయారు. ముఖ్యంగా క్షయ మీద. ఒకసారి క్షయ సోకిన వెన్నెముకను కోస్తుంటే రంపం తగిలి లెనెక్ ఎడమ చేతి చూపుడువేలు గీసుకుపోయింది. అక్కడ చిన్న గడ్డ లేచింది. మందు వేసి మాన్పుకున్నాడు, పనిలో పడిపోయాడు.

క్షయ మాత్రం ఆయన చుట్టూనే తిరిగింది. 1810లో తమ్ముడు మిషో ఆ జబ్బుతో పోయాడు. 1816లో బేల్ కూడా అదే జబ్బుతో చనిపోయాడు.

ఇక ఉద్యోగం సంగతి. అన్ని బహుమతులు గెలిచిన విద్యార్థికి ప్యారిస్‌లో మంచి ఆసుపత్రి పోస్టు ఎప్పుడు వచ్చిందనుకుంటున్నారు? పట్టా వచ్చిన పన్నెండేళ్లకు. ఈలోగా ప్రైవేటు ప్రాక్టీసు చేశాడు, వైద్య పత్రికకు రాశాడు, పాఠాలు చెప్పాడు. 1814 యుద్ధంలో గాయపడి ప్యారిస్ ఆసుపత్రికి వచ్చిన బ్రిటనీ కుర్రాళ్లకు ఫ్రెంచి రాదు, వాళ్ల బాధ ఎవరికీ అర్థంకాదు. వాళ్ల భాష తెలిసిన లెనెక్ ముందుకొచ్చి వాళ్లను చూసుకున్నాడు. రోగి మాట వినడం అంటే ఏమిటో ఆయనకు అప్పటికే బాగా తెలుసు.

చుట్టిన కాగితం

1816లో నెకర్ ఆసుపత్రిలో డాక్టర్‌గా చేరాడు. అక్కడికి ఒక యువతి వచ్చింది. గుండె జబ్బు లక్షణాలున్నాయి. భారీ మనిషి కావడంతో ఛాతీ మీద తట్టి చూసినా ఏమీ తెలియడం లేదు. ఛాతీకి నేరుగా చెవి ఆనించి వినే పద్ధతి పాతకాలం నుంచి ఉంది. కానీ వయసులో ఉన్న అమ్మాయి. అలా చేయడం మర్యాద కాదు.

మీరు చిన్నప్పుడు స్కూల్లో ఒక ఆట ఆడే ఉంటారు. పొడవాటి బెంచీకి ఒక చివర చెవి పెడితే, రెండో చివర స్నేహితుడు గోటితో గీకినా గట్టిగా వినిపిస్తుంది. లెనెక్‌కు ఆ క్షణంలో గుర్తొచ్చింది సరిగ్గా ఈ సంగతే. దూలానికి ఒక చివర గుండుసూదితో గీస్తే రెండో చివర స్పష్టంగా వినబడుతుంది. పక్కనున్న కాగితాల బొత్తి తీసి గట్టిగా గొట్టంలా చుట్టాడు. ఒక చివర ఆమె గుండె మీద, రెండో చివర తన చెవికి. నేరుగా చెవి పెట్టినప్పటి కంటే బాగా వినిపించింది!

ఇక్కడితో ఆగిపోతే ఇది ఒక చిన్న ముచ్చటగా మిగిలిపోయేది. లెనెక్ గొప్పతనమంతా తర్వాత చేసిన పనిలో ఉంది.

ముందు కాగితానికి బదులు రకరకాల వస్తువులతో ప్రయత్నించాడు. చివరికి చెక్క బాగుందని తేల్చుకున్నాడు. మన ఏటికొప్పాక కళాకారులు చెక్కను తిప్పుతూ ఉలితో బొమ్మకు గుండ్రటి ఆకారం తెస్తారు చూడండి, అలాగే లెనెక్ ఇంట్లో లేత్ పెట్టుకుని తన గొట్టాలను తానే చేసుకునేవాడు. దాదాపు ఒక అడుగు పొడవు, మధ్యలో సన్నటి రంధ్రం. మోసుకెళ్లడానికి వీలుగా రెండు ముక్కలుగా విడిపోతుంది. చివర ఒక బిరడా. గుండె వినాలంటే బిరడా ఉంచాలి, ఊపిరి వినాలంటే తీసేయాలి. గ్రీకులో ఛాతీ అనే మాటను, పరిశీలించడం అనే మాటను కలిపి దానికి స్టెతస్కోప్ అని పేరు పెట్టాడు.

ఒక్కో జబ్బుకు ఒక్కో చప్పుడు

ఆ తర్వాత దాదాపు మూడేళ్లు ఆయన చేసిన పని ఒక్కటే. వార్డులో ఒక్కో రోగి ఛాతీని వినడం, విన్నది రాసుకోవడం. రోగి చనిపోతే ఊపిరితిత్తులు తెరిచి, ఆ చప్పుడు ఎందుకు వచ్చిందో చూడటం. చదువుతుంటే తేలిగ్గా ఉంది కానీ, ఎవరూ అంతకుముందు వినని శబ్దాలకు పేర్లు పెట్టడం ఎంత కష్టమో ఆలోచించండి. అందుకని ఆయన అందరికీ తెలిసిన చప్పుళ్లతో పోల్చాడు. ఇవాళ మన ఇళ్లలో మామూలుగా వినిపించే శ్వాస జబ్బులన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. ఒక్కొక్కటీ చూడండి.

న్యుమోనియా. మన పెద్దవాళ్లు నెమ్ము అనే జబ్బుల్లో ఇదొకటి. ఊపిరితిత్తుల్లో గాలి ఉండాల్సిన చిన్న చిన్న గదుల్లోకి ద్రవం చేరుతుంది. మొదట్లో ఊపిరి పీల్చినప్పుడు సన్నటి చిటపటలు వినిపిస్తాయి. పెనం మీద ఉప్పు వేసి వేడిచేసినప్పుడు వచ్చే శబ్దంలాంటిదని లెనెక్ పోల్చాడు. జబ్బు ముదిరితే ఆ భాగం కాలేయంలా గట్టిపడి, ఊపిరి చప్పుడే వినపడదు. తగ్గుముఖం పట్టినప్పుడు చిటపటలు మళ్లీ వస్తాయి. అంటే జబ్బు ఏ దశలో ఉందో, పెరుగుతోందో తగ్గుతోందో కూడా చెప్పొచ్చన్నమాట.

ఊపిరితిత్తుల పొరలో నీరు. ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరల మధ్య నీరు చేరితే, రోగి మాట్లాడుతున్నప్పుడు గొట్టంలోంచి ఆ గొంతు వణుకుతూ మేక అరిచినట్టు వినిపిస్తుంది. దానికి లెనెక్ పెట్టిన గ్రీకు పేరులోనూ మేక ఉంది. ఈనాటి వైద్య విద్యార్థులు కూడా ఆ పేరే చదువుతారు.

ఉబ్బసం, శ్వాసనాళాల వాపు. గొట్టాలు సన్నబడితే ఈల వేసినట్టు, పక్షులు కూసినట్టు చప్పుళ్లు వస్తాయి. మనం పిల్లికూతలు అంటామే, అవే. కఫం పెద్ద గొట్టాల్లో ఉంటే గురక పెట్టినట్టు బొంగురుగా వస్తుంది.

ఎంఫిసిమా. ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి గదులు సాగి, గోడలు తెగి పెద్దవైపోతాయి. లోపల గాలి బోలెడంత ఉంటుంది, కానీ బయటికి పోదు. తట్టితే బోలుగా పలుకుతుంది, ఊపిరి చప్పుడు మాత్రం చాలా తక్కువ. ఊపిరితిత్తులను గాలితో ఉబ్బించి, ఎండబెట్టి, కోసి చూసి లెనెక్ ఈ సంగతి చెప్పాడు. ఇప్పుడు సీఓపీడీ అంటున్న జబ్బులో ఇది ఒక భాగం. పొగతాగడం, కట్టెల పొయ్యి పొగ దీనికి పెద్ద కారణాలని మనకు ఈరోజు తెలుసు.

బ్రాంకియెక్టాసిస్. శ్వాసనాళాలు శాశ్వతంగా వెడల్పై, అందులో కఫం నిలిచిపోవడం. రోజూ బోలెడంత కళ్లె పడుతుంది. ఈ జబ్బును మొదటగా వర్ణించింది లెనెక్కే.

క్షయ. ఊపిరితిత్తిలో పుండు పడి, అది కరిగిపోయి ఖాళీ గూడులా మిగిలినప్పుడు, ఆ చోట గొట్టం పెడితే రోగి మాట నోట్లోంచి కాకుండా నేరుగా ఛాతీలోంచి చెవిలోకి వచ్చినట్టు ఉంటుంది. ఆ శబ్దం వినిపిస్తే అక్కడ గూడు పడిందని అర్థం.

క్షయ విషయంలో ఆయన ఇంకో పెద్ద మాట చెప్పాడు. అప్పటిదాకా చాలా రకాల క్షయలున్నాయని నమ్మేవాళ్లు. స్నేహితుడు బేల్ కూడా ఆరు రకాలుగా విడగొట్టాడు. లెనెక్ ఒప్పుకోలేదు. చిన్న గింజంత గడ్డ అయినా, పెద్ద పుండు అయినా, ఊపిరితిత్తుల్లో ఉన్నా, ఇంకెక్కడ ఉన్నా అది ఒకే జబ్బు అన్నాడు. ఆయన పోయాక కూడా పెద్ద పెద్దవాళ్లు దీన్ని కాదన్నారు. 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని చూపించాక లెనెక్ మాటే నిలిచింది. ఏటా మార్చి 24న క్షయ దినం జరుపుకునేది అందుకే.

రోగి చెవిన పడకూడని మాట

ఇక్కడ మీరు తప్పకుండా తెలుసుకోవాల్సిన ఒక చిన్న విషయం ఉంది. ఛాతీలో వినిపించే చప్పుళ్లకు లెనెక్ ఫ్రెంచిలో వాడిన మాట, మామూలు జనం భాషలో ప్రాణం పోయేటప్పుడు గొంతులో వచ్చే గురగురకు వాడే మాట. విద్యార్థులతో మాట్లాడుతూ ఆ మాట అంటే, మంచం మీదున్న రోగి విని తన పని అయిపోయిందని బెంబేలెత్తిపోతాడు. అందుకని రోగి దగ్గర నిలబడినప్పుడు ఆయన అదే అర్థమున్న లాటిన్ మాట వాడేవాడు.

పాఠ్యపుస్తకంలో మార్కులు రాని విషయం ఇది. కానీ రేపు మీరు తెల్లకోటు వేసుకుని వార్డులో నిలబడినప్పుడు, మీ నోటివెంట వచ్చే ఒక్కో మాటను మంచం మీది మనిషి ఎలా వింటాడో ఆలోచించే అలవాటు ఇలాంటి చోటే మొదలవుతుంది.

పదమూడు ఫ్రాంకుల పుస్తకం

1819లో రెండు సంపుటాల పుస్తకం అచ్చయింది. ధర 13 ఫ్రాంకులు. ఇంకో మూడు ఫ్రాంకులిస్తే చెక్క స్టెతస్కోప్ కూడా ఇచ్చేవారు. పుస్తకం రాసేసరికి లెనెక్ ఒంట్లో శక్తి అయిపోయింది. ప్యారిస్ వదిలేసి బ్రిటనీలోని సొంత ఊరి గాలికి వెళ్లిపోయాడు. రెండేళ్లు అక్కడే. పొలం చూసుకున్నాడు, గుర్రమెక్కి తిరిగాడు, కాస్త కోలుకున్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారనుకోకండి. ప్యారిస్‌లో పలుకుబడి ఉన్న బ్రూసే అనే వైద్యుడు ఆయన్ని గట్టిగా విమర్శించాడు. జబ్బులన్నిటికీ మూలం కడుపులో మంటేనని, జలగలు పట్టించి రక్తం తీస్తే చాలని ఆయన సిద్ధాంతం. 1821లో పుస్తకాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చిన ఫోర్బ్స్ కూడా, ఇంత తంటా పడి డాక్టర్లు దీన్ని వాడతారా అని ముందుమాటలో అనుమానపడ్డాడు. చేతిలో చెక్క గొట్టం పట్టుకుని రోగి మీదికి వంగిన పెద్దమనిషి నవ్వులపాలవుతాడన్న బెరుకు అప్పటి వైద్యుల్లో ఉండేది. అయినా విద్యార్థులు దూరదేశాల నుంచి వచ్చారు. 1822లో కాలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆచార్యుడయ్యాడు. తర్వాత తాను చదువుకున్న షారిటే ఆసుపత్రిలోనే పాఠాలు చెప్పాడు.

అందరినీ వేధించిన ప్రశ్న ఇంకోటుంది. జబ్బు ఏదో తెలిసింది సరే, మందు ఏదీ? క్షయకు ఆ రోజుల్లో మందు లేదు. సముద్రపు గాలి మేలు చేస్తుందేమోనని లెనెక్ సముద్రపు నాచు తెప్పించి క్షయ రోగుల వార్డులో పెట్టించాడు. ఫలితం రాలేదు. మందు లేనప్పుడు పేరు తెలిసి ఏం లాభం అని మీరూ అడగొచ్చు. ఆలోచించండి. క్షయకు పనిచేసే మొదటి గట్టి మందు స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో కనుక్కున్నారు. ఆ మందు ఎవరికివ్వాలో తెలియాలంటే ముందు క్షయను న్యుమోనియా నుంచి, న్యుమోనియాను పొరలో నీటి నుంచి విడదీయడం తెలియాలి కదా. ఆ పునాది వేసింది ఈయన.

తన ఛాతీలో చప్పుడు

1826లో పుస్తకం రెండో కూర్పు సిద్ధం చేశాడు. మొదటిసారి చప్పుళ్ల వారీగా రాసిన దాన్ని, ఈసారి జబ్బుల వారీగా మార్చి మొత్తం తిరగరాశాడు. చదివేవాడికి ఏది సులువో తెలిశాక, ఏడేళ్ల కష్టాన్ని మళ్లీ మొదటి నుంచి సర్దడానికి వెనకాడలేదు. ఆ పని అయ్యేసరికి మనిషి పూర్తిగా కుంగిపోయాడు. దగ్గు, జ్వరం, ఆయాసం. రోజురోజుకీ చిక్కిపోయాడు.

తనకు ఆయాసమే తప్ప క్షయ లేదని ఆయన చాలాకాలం నమ్మాడు. వేలమంది ఛాతీలు విన్న డాక్టర్ తన విషయంలో మాత్రం నమ్మాలనుకున్నదే నమ్మాడు. మనందరం చేసే పనే అది. చివరికి తన దగ్గరే వైద్యం నేర్చుకున్న మెరియాదెక్‌ను పిలిచాడు. బంధువుల అబ్బాయి. స్టెతస్కోప్ పెట్టి వినమన్నాడు. వినిపించింది వినిపించినట్టు చెప్పమన్నాడు. ఆ కుర్రాడు చెప్పిన చప్పుళ్లు ఏమిటో లెనెక్‌కు వేరే ఎవరూ వివరించాల్సిన పని లేదు. ఆ వర్ణన తాను రాసిందే. క్షయ గూడు కట్టిన ఛాతీకి తాను రాసిన గుర్తులే అవి.

అంతకు ఏడాదిన్నర ముందే, 1824 డిసెంబరులో, ఆయన పెళ్లి చేసుకున్నాడు. భార్యతో కలిసి మళ్లీ బ్రిటనీ చేరాడు. 1826 ఆగస్టు 13న, దువార్నెనే దగ్గర కెర్లువార్నెక్ అనే ఇంట్లో కన్నుమూశాడు. అప్పటికి 45 ఏళ్లు. వీలునామాలో స్టెతస్కోప్‌ను మెరియాదెక్‌కు రాసిచ్చాడు. తాను ఇచ్చేవాటిలో అన్నిటికన్నా విలువైనది అదేనని కూడా రాశాడు.

పొరపాట్లూ ఉన్నాయి

గొప్పవాళ్ల గురించి చదివేటప్పుడు వాళ్లు తప్పే చేయలేదన్నట్టు చదవకండి. క్షయ ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందంటే లెనెక్ పెద్దగా నమ్మలేదు. ఆ కాలంలో ఫ్రాన్స్‌లో చాలామంది వైద్యుల అభిప్రాయం అదే. దుఃఖం, దిగులు మనిషిని క్షయ వైపు నెడతాయని ఆయన అనుకునేవాడు. తల్లి, తమ్ముడు, స్నేహితుడు, తాను... ఇందరిని చుట్టేసినా అంటువ్యాధి అన్న ఆలోచన గట్టిపడలేదు. క్షయ అంటుకుంటుందని విల్మెన్ జంతువుల మీద ప్రయోగాలతో 1865లో రుజువు చేశాడు. గాలి ద్వారా సోకుతుందని తెలిసి ఉంటే, ఆ వార్డుల్లో, ఆ పోస్ట్‌మార్టం గదుల్లో లెనెక్ జాగ్రత్త పడేవాడేమో.

మనకు మాత్రం తెలుసు. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో పరీక్ష, మందులు ఉచితం. మందులకు లొంగే మామూలు క్షయ, ఆరు నెలలు మానకుండా వాడితే నయమవుతుంది. మధ్యలో ఆపేస్తేనే మొండికేస్తుంది. లెనెక్ కోసం ఎవరూ చేయలేకపోయిన పని, ఈరోజు మీ వీధిలో దగ్గుతున్న పెద్దాయన్ని పరీక్షకు తీసుకెళ్లి మీరే చేయొచ్చు.

మీరు ఏం తీసుకోవాలి?

ఒకటి, ఐడియా ఒక్క క్షణంలో రావచ్చు, దాన్ని నిలబెట్టడానికి మూడేళ్లు వినాలి. కాగితం చుట్టినవాడిగా లెనెక్‌ను ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. విన్న ప్రతి చప్పుడునూ లోపలి కారణంతో సరిచూసినవాడిగా గుర్తుపెట్టుకున్నారు.

రెండు, చదువుకు పక్కన నేర్చుకున్నది ఎక్కడ పనికొస్తుందో చెప్పలేం. ఫ్లూట్, గ్రీకు, వడ్రంగం, అమ్మ ఊరి భాష... నాలుగూ ఆయన వృత్తిలోకే వచ్చి కలిశాయి.

మూడు, లాంగ్ టర్మ్ కోచింగ్‌లో మీ స్నేహితుల కంటే ఒకటి రెండేళ్లు వెనకబడ్డామని దిగులు పడుతున్నారా? మొదటి బహుమతులు గెలిచినవాడు మంచి పోస్టు కోసం పన్నెండేళ్లు ఎదురుచూశాడు. ఆ పన్నెండేళ్లు ఖాళీగా మాత్రం కూర్చోలేదు.

ఈ దారిలో వెళ్లాలంటే

ఊపిరితిత్తుల వైద్యంలోకి రావాలంటే ఇంటర్ బైపీసీ తర్వాత నీట్ రాసి ఎంబీబీఎస్‌లో చేరాలి. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ తర్వాత నీట్ పీజీ ద్వారా మూడేళ్ల ఎండీ రెస్పిరేటరీ మెడిసిన్. ఇంకా పైకి వెళ్లాలనుకుంటే డీఎం పల్మనరీ మెడిసిన్ ఉంది.

డాక్టర్ సీటు ఒక్కటే దారి కాదు. వెంటిలేటర్ మీద ఉన్న రోగిని కనిపెట్టుకుని ఉండే రెస్పిరేటరీ థెరపిస్ట్, ఊపిరితిత్తుల సామర్థ్యం కొలిచే టెక్నీషియన్, కళ్లెలో క్షయ క్రిమిని వెతికే ల్యాబ్ టెక్నీషియన్, కఫం బయటికి తెప్పించే ఫిజియోథెరపిస్ట్, నర్సు. కొవిడ్ రోజుల్లో వీళ్ల విలువ ఏమిటో మన ఇళ్లన్నీ చూశాయి. హైదరాబాద్ ఎర్రగడ్డలోని ఛాతీ ఆసుపత్రి, విశాఖలోని ఛాతీ ఆసుపత్రి లాంటి చోట్ల రోజూ దగ్గుతో, ఆయాసంతో వచ్చేవాళ్లను చూస్తే ఈ పనికి ఇంకా ఎంతమంది కావాలో అర్థమవుతుంది.

చెక్క గొట్టం పోయి రెండు చెవులకు పెట్టుకునే రబ్బరు గొట్టాల స్టెతస్కోప్ 1850లలో వచ్చింది. ఇప్పుడు శబ్దాన్ని రికార్డు చేసే డిజిటల్‌వీ వచ్చాయి. పరికరం మారినా పని మారలేదు. ఎంబీబీఎస్ మొదటి రోజుల్లో మీ చేతికి కొత్త స్టెతస్కోప్ వస్తుంది. సెల్ఫీ దిగండి, తప్పులేదు. ఆ తర్వాత మాత్రం ఎదురుగా ఉన్న మనిషి ఛాతీ మీద పెట్టి, కాస్త ఓపిగ్గా వినండి.